కేసు పడిన రాత్రి ఏ ప్లీడరు తలుపు తట్టాలి?

సంక్రాంతి వెళ్ళిన రెండో రోజు, కోర్టు ఆవరణ ఖాళీ అవుతున్న వేళ, ఒకావిడ మా ఆఫీసు అరుగు మీద కూర్చుని ఉంది. లంక ఊరి మనిషి. పాదాలకు గోదావరి ఇసుక ఇంకా అంటుకునే ఉంది. పమిట కొంగు ముడిలో రెండు బంగారు గాజులు, చేతిలో పాలిథిన్ సంచీ, అందులో కొడుకు పాస్‌పోర్టు. కోడిపందెం బరి దగ్గర మాటా మాటా పెరిగి కొట్టుకున్నారట, కొడుకును స్టేషన్‌కు తీసుకెళ్ళారట.

“గుమాస్తా గారూ, రాజమండ్రి నుంచి పెద్ద ప్లీడరు గారిని పెట్టాలంటున్నాడు మా తమ్ముడు. గాజులు అమ్మేయమంటారా?”

“ఏ సెక్షన్లు పెట్టారమ్మా?”

“అవన్నీ నాకేం తెలుసు బాబూ. పెద్ద కేసే అంటున్నారు.”

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు ఉంటుంది మనవాళ్ళ తొందర. కేసేమిటో తెలియకముందే ప్లీడరు పేరు ఖాయమైపోతుంది. ఇరవై రెండేళ్ళు ప్లీడరు గుమాస్తాగా కట్టలు మోసి, కోనసీమలోనూ గోదావరి అవతలా కోర్టుల చుట్టూ తిరిగినవాణ్ణి. నేను ప్లీడరును కాను. కాబట్టి నా మాటను పక్కన నిలబడి చూసినవాడి మాటగానే తీసుకోండి. మంచి ప్లీడరు ఎవరు అని అడిగేవారే అందరూ. ఈ కేసుకు, ఈ దశలో, వాయిదా రోజున కోర్టులో లేచి నిలబడేది ఎవరు అని అడిగినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఆ సాయంత్రం స్టేషన్‌కు ఫోను చేసి అడిగితే తేలిందేమిటంటే, పెట్టినవి భారతీయ న్యాయ సంహితలోని 115(2), 126(2) సెక్షన్లు. కొట్టడం, దారికి అడ్డుపడటం. రెండూ బెయిలు ఇవ్వదగినవే. అలాంటి కేసులో బెయిలు హక్కు, జామీను చూపిస్తే స్టేషన్‌లోనే వదలాలి. కావలసింది జామీనుకు నిలబడే మనిషి, గాజులు కావు. మా ఊరి ప్లీడరు గారి జూనియర్ ఒకరు వెళ్ళి రాత్రి తొమ్మిదికి కుర్రవాణ్ణి బయటికి తీసుకొచ్చారు.

ముందు కాగితం, తరువాత ప్లీడరు

ఎవరినైనా పెట్టుకునే ముందు మూడు సంగతులు తెలుసుకోండి: క్రైమ్ నంబరు, సెక్షన్లు, అరెస్టు చేశారా లేక నోటీసు ఇచ్చారా. ఏడేళ్ళ వరకు శిక్ష పడే నేరాల్లో పోలీసులు సాధారణంగా ముందు హాజరు నోటీసు ఇవ్వాలి. పాతవాళ్ళు దాన్ని ఇంకా 41ఎ నోటీసు అనే అంటారు, ఇప్పుడది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 35(3). 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం మీద గట్టిగా చెప్పింది. నోటీసు ప్రకారం హాజరవుతున్న మనిషిని అరెస్టు చేయాలంటే అందుకు కారణాలు రాసి పెట్టాలి. నోటీసు రాగానే భయపడి బంధువుల ఇంటికి పారిపోయేవారు తమ కేసును తామే చెడగొట్టుకుంటారు.

అరెస్టు చేస్తే ఎందుకో చెప్పాలి, ప్రయాణం పట్టే కాలం మినహాయించి 24 గంటల్లోగా మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, విచారణ జరుగుతున్నప్పుడు ప్లీడరును కలవనివ్వాలి. ఆడవారిని సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు మామూలుగా అరెస్టు చేయకూడదు. కుర్రవాడికి పద్దెనిమిది నిండకపోతే అతని కేసు వెళ్ళేది మామూలు కోర్టుకు కాదు, జువెనైల్ జస్టిస్ బోర్డుకు. పదో తరగతి సర్టిఫికెట్ వెంట తీసుకెళ్ళండి, ఆ రాత్రికి దానికి మించిన వాదన లేదు.

2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీల స్థానంలో కొత్త చట్టాలు వచ్చాయి. మోసానికి పెట్టే 420 ఇప్పుడు 318(4), హత్యాయత్నానికి పెట్టే 307 ఇప్పుడు 109. అంతకుముందు జరిగిన నేరాలకు మాత్రం పాత సెక్షన్లే వర్తిస్తాయి. మాట్లాడబోయే ప్లీడరు రెండు పుస్తకాలూ బల్ల మీద పెట్టుకున్నారో లేదో ఒక చూపు చూడండి. అలవాటు కొద్దీ నోటికి పాత నంబరు రావడం తప్పు కాదు, అందరికీ వస్తుంది.

ఉచిత ప్లీడరు అంటే చులకన వద్దు

‘సర్కారు ఇచ్చిన ప్లీడరా’ అని మూతి విరిచేవారిని చాలామందిని చూశాను. వారిలో కొందరు తరువాత పొలం తాకట్టు పెట్టారు.

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవారికి, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడరును ఇవ్వాలి. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. ‘కస్టడీలో ఉన్న ఎవరికైనా’ అన్న మాటను మరోసారి చదవండి. చెరువుల యజమాని అయినా సరే, రిమాండులో ఉన్నంతకాలం అడగవచ్చు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు, కోర్టు ఆవరణలో ఉండే మండల న్యాయ సేవాధికార కమిటీలో తెల్ల కాగితం మీద అర్జీ ఇవ్వవచ్చు, జైలులో ఉంటే సూపరింటెండెంటు ద్వారా పంపవచ్చు.

ఇందులో రెండు రకాలున్నాయి, తేడా తెలియాలి. మొదటిది ప్యానెల్ ప్లీడరు. తన సొంత కేసులు చూసుకుంటూ కేసుకింత అని వచ్చే చిన్న పారితోషికం మీద మీ కేసు చూస్తారు. ఇందులో మహానుభావులూ ఉన్నారు, వాయిదా రోజున కనబడనివారూ ఉన్నారు. రెండోది 2022లో వచ్చిన పద్ధతి, లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్. వీరు పూర్తికాలం ముద్దాయిల తరఫునే పనిచేస్తారు, జీతం తీసుకుంటారు, ప్రైవేటు కేసులు పట్టకూడదు. జిల్లా కేంద్రంలో ఒక చీఫ్, ఆయన కింద డిప్యూటీలు, అసిస్టెంట్లు ఉంటారు. రోజంతా క్రిమినల్ కేసుల మధ్యే ఉండే మనిషికి సాక్షిని ఎక్కడ ఆపి అడగాలో తెలిసినంతగా, ఏడాదికి రెండు క్రిమినల్ కేసులు చూసే ప్లీడరుకు తెలియదు.

నా లెక్క ఇది. మనిషి రిమాండులో ఉండి, ఇంట్లో డబ్బు లేక, కేసు సెషన్స్‌కు, అంటే పెద్ద నేరాలను విచారించే కోర్టుకు వెళ్ళేదైతే, అప్పు చేసి తక్కువ ఫీజు ప్రైవేటు ప్లీడరును పెట్టుకోవడం కంటే డిఫెన్స్ కౌన్సెలే మేలు. లోపం లేదనను. మీకు కావలసిన మనిషిని మీరు ఎంచుకోలేరు, ఇచ్చినవారితో సరిపెట్టుకోవాలి. మరీ కుదరకపోతే మార్చమని సంస్థ కార్యదర్శికి అర్జీ పెట్టుకోవచ్చు. ఆ కార్యదర్శి న్యాయాధికారే. ఉచిత ప్లీడరు డబ్బు అడిగితే చెప్పవలసిందీ ఆయనకే.

ఊళ్ళో ప్లీడరు, జిల్లా కేంద్రం ప్లీడరు, హైకోర్టు ప్లీడరు

మన డెల్టాలో ప్లీడర్లలో ఎక్కువమంది సివిలు మనుషులు. భాగ పంపకాలు, గట్టు తగాదాలు, కాలువ నీరు, రొయ్యల చెరువుల లీజులు. మీ తాతగారి వీలునామా రాసిన ప్లీడరు గారు ఎంత నమ్మకస్తుడైనా, హత్యాయత్నం కేసులో దర్యాప్తు అధికారిని క్రాస్ చేయడం, అంటే ఎదురు ప్రశ్నలు వేయడం, ఆయన పని కాకపోవచ్చు. ఇది ఆయనకూ తెలుసు. మొహమాటం కొద్దీ మీరు అడగరు, మొహమాటం కొద్దీ ఆయన కాదనరు. మధ్యలో నలిగేది ముద్దాయి. ‘మనవాళ్ళ ప్లీడరు’ అని కులం చూసి వెళ్ళేవారి సంగతీ ఇంతే.

ఊళ్ళో క్రిమినల్ ప్లీడరుకు ఉన్న బలం దగ్గర ఉండటమే. అమలాపురంలోనో, రాజోలులోనో, నరసాపురంలోనో అదే కోర్టులో రోజూ నిలబడే మనిషికి ఆ కోర్టు నడక తెలుసు. రాత్రి రిమాండుకు మెజిస్ట్రేటు ఇంటికి వెళ్ళవలసి వస్తే పావుగంటలో చేరతారు. వాయిదా పడితే మీకు కబురు చేసే గుమాస్తా ఉంటాడు. మెజిస్ట్రేటు కోర్టులో తేలే కేసులన్నిటికీ ఆయన చాలు. రోడ్డు ప్రమాదం కేసులు, చేతి దెబ్బల కేసులు, పేకాట కేసులకు జిల్లా కేంద్రం నుంచి కారు పెట్టి మనిషిని పిలిపించడం డబ్బును కాలువలో పోసినట్టే.

ఒక మెలిక ఉంది. కోర్టును నిర్ణయించేది మీ ఇల్లు కాదు, గొడవ జరిగిన చోటు. సఖినేటిపల్లి మనిషి పంటు ఎక్కి నరసాపురం వచ్చి గొడవ పడితే కేసు నరసాపురంలోనే. ఇంటి దగ్గరి ప్లీడరు ప్రతి వాయిదాకు రేవు దాటాలి. అలాంటప్పుడు గొడవ జరిగిన ఊరి ప్లీడరునే చూసుకోండి. యానాం సంగతి ఇంకా వేరు. చుట్టూ ఉన్నది ఆంధ్రా అయినా అది పుదుచ్చేరిలో భాగం, అక్కడి కేసు పైకి వెళితే చేరేది మద్రాసు హైకోర్టుకు. అక్కడ కొన్న మందు సీసాలతో ఇవతల పట్టుబడితే మాత్రం కేసు ఇవతలిదే. ఎదుర్లంక వంతెనకు ఏ కొసన పట్టుకున్నారన్నది తమాషా ప్రశ్న కాదు.

కేసు సెషన్స్‌ది అయినప్పుడు సెషన్స్ విచారణలు నడిపిన ప్లీడరు అవసరం. అయితే ‘పెద్ద ప్లీడరు’ను పెట్టుకున్నప్పుడు మీరు నిజంగా ఎవరికి డబ్బిస్తున్నారో తెలుసుకోండి. పేరు ఆయనది, వకాల్తా ఆయనది. వాయిదాకు వచ్చేది మాత్రం నిన్నగాక మొన్న ఎన్‌రోల్ అయిన జూనియరు. సాక్షి బోనులోకి వచ్చాడు, సీనియర్ గారు మరో కోర్టులో ఉన్నారు, ‘గడువు ఇప్పించండి’ అంటాడు కుర్రవాడు. జడ్జిగారు రెండుసార్లు ఇస్తారు, మూడోసారి ‘క్రాస్ నిల్’ అని రాస్తారు. ముఖ్య సాక్షి చెప్పినదంతా ఎదురు ప్రశ్న లేకుండా రికార్డులో ఉండిపోతుంది. దాన్ని తెరిపించడానికి మళ్ళీ పిటిషను, మళ్ళీ ఫీజు. నా కళ్ళ ముందు ఇలా పాడైన కేసులు ఉన్నాయి. అందుకే మొదటి రోజే అడగండి: “సాక్షులను క్రాస్ చేసేది మీరేనా అండీ?” ఈ ప్రశ్నకు కోపం వచ్చే ప్లీడరును వదిలేయడం మంచిది.

అడగడానికి మొహమాటమైతే ఫోనులో చూసుకోవచ్చు. ఈ-కోర్ట్స్ యాప్‌లో కోర్టును ఎంచుకుని, ప్లీడరు పేరుతో వెతికితే ఆయన కేసులు కనబడతాయి. అందులో సెషన్స్ కేసులెన్ని, సివిలు కేసులెన్ని అన్నది పది నిమిషాల పని. కేసు పడిన తరువాత మీ వాయిదా తేదీని కూడా అందులోనే చూసుకోండి, గుమాస్తా ఫోను కోసం ఎదురు చూడకండి. గుమాస్తానై ఉండి చెబుతున్నాను. ఇక ఫ్లెక్సీలు, ప్రకటనలు చూసి వెళ్ళేవారికి ఒక మాట. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం ప్లీడరు ప్రకటన ఇచ్చుకోకూడదు.

హైకోర్టు ప్లీడరు అవసరం పడే సందర్భాలు కొన్నే. సెషన్స్‌లో బెయిలు కొట్టేసినప్పుడు, కేసునే కొట్టేయమని నాగరిక్ సురక్షా సంహిత 528 సెక్షను కింద క్వాష్ పిటిషను వేయాలనుకున్నప్పుడు, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసులో ప్రత్యేక కోర్టు బెయిలు కాదన్నప్పుడు. ఆ చట్టం కింద ముందస్తు బెయిలుకు తలుపు దాదాపు మూసే ఉంటుంది, ఫిర్యాదులో పైకి చూస్తేనే నేరం కనబడకపోతే తప్ప. హైకోర్టు ఉన్న ఊరి పేరు చెప్పి ‘నేలపాడు వెళితే తెచ్చేస్తాం’ అని ఎవరైనా తేలిగ్గా అంటే అనుమానించండి. హైకోర్టు ప్లీడరు మీ విచారణ నడపరు. కింది ప్లీడరు కట్టిన కాగితాల మీదే ఆయన వాదన. ఇద్దరూ ఫోనులో మాట్లాడుకునే పరిచయం ఉంటే మీకు సగం శ్రమ తగ్గుతుంది. ఫీజులు మాత్రం విడివిడిగా, ఎవరిది వారికే ఇవ్వండి.

రిమాండులో ఉన్న మనిషి విషయంలో మరో లెక్క ఉంది. పదేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాల్లో 90 రోజుల్లో, మిగతావాటిలో 60 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. అడిగితేనే వస్తుంది. ఛార్జిషీటు పడిన తరువాత అడిగితే ఆ హక్కు పోయినట్టే. ఏ ప్లీడరు అయినా సరే, ఆ తేదీని డైరీలో గుండ్రంగా చుట్టి పెట్టారో లేదో అడగండి. మీ ఇంటి క్యాలెండరులోనూ చుట్టండి.

స్టేషన్‌లోనే తేల్చేస్తానన్న పెద్దమనిషి

ఇతనూ ఒక దారే, ఊళ్ళో ఎక్కువమంది మొదట వెళ్ళేది ఇతని దగ్గరికే. అతను ముందు చెప్పే మాట ‘వాళ్ళ చేత కేసు వాపసు తీయిస్తాను’ అని. ఎఫ్‌ఐఆర్ కట్టిన తరువాత ఫిర్యాది వచ్చి వద్దన్నంత మాత్రాన కేసు పోదు. రాజీకి వీలైన నేరాలు చట్టంలో లెక్కగా ఉన్నాయి, ఆ రాజీ రికార్డయ్యేది కోర్టులోనో లోక్ అదాలత్‌లోనో. రాజీకి వీలుకాని కొన్నిటిని ఇరుపక్షాలూ కలిసి హైకోర్టుకు వెళ్ళి కొట్టేయించుకోవచ్చు, అదీ హైకోర్టు ఒప్పుకుంటేనే. పెద్దమనిషి ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడిస్తే మంచిదే, వద్దనను. ఖాళీ కాగితం మీద సంతకం, రసీదు లేని డబ్బు, ఈ రెండూ లేకుండా ఉంటే చాలు.

ఫీజు, వకాల్తా

ఫీజు మూడు రకాలుగా మాట్లాడుకుంటారు. కేసు మొత్తానికి గుత్తగా ఇంత. బెయిలుకు ఇంత, విచారణకు ఇంత అని దశల వారీగా. వాయిదాకు ఇంత అని. మూడో పద్ధతిలో వాయిదాలు పెరిగితే ఎవరికి లాభమో నేను చెప్పనక్కరలేదు. గుత్త బాగానే కనబడుతుంది గాని, డబ్బంతా ముందే చేతిలో పడితే రెండో ఏడాదికి ఉత్సాహం తగ్గుతుంది. నేను దశల వారీకే ఓటు వేస్తాను, ఒక చిన్న కాగితం మీద రాసుకుని. ‘కేసు కొట్టేస్తేనే ఇవ్వండి’ అనే బేరం పెట్టేవారి దగ్గర కూర్చోకండి. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం ప్లీడర్లకు నిషిద్ధం.

కొట్లాట కేసుల్లో జరిగే పెద్ద పొరపాటు ఒకటి చెప్పాలి. అన్నదమ్ములు, బావమరుదులు కలిసి ఆరుగురు ముద్దాయిలు, ఖర్చు కలిసొస్తుందని అందరికీ ఒకే ప్లీడరు. చెరువు గట్టు మీద గొడవలో కత్తి ఎవరి చేతిలో ఉందన్నదే కేసంతా అనుకోండి. మూడో ముద్దాయి అసలు ఆ రోజు భీమవరం ఆసుపత్రిలో భార్య పక్కన ఉన్నాడు, చీటీ కూడా ఉంది. అతణ్ణి కాపాడే ప్రశ్న అడిగితే మిగతా ఐదుగురు అక్కడ ఉన్నట్టు ఒప్పుకున్నట్టవుతుందని ప్లీడరు మౌనంగా ఉండిపోతారు. ఆయన తప్పు కాదు, ఆరుగురి బరువు ఒకే నోటి మీద పెట్టినవారి తప్పు. ముద్దాయిల మధ్య చెప్పే కథలో తేడా ఉంటే వకాల్తాలు వేరుగా ఉండాలి. డబ్బు లేనివారికి న్యాయ సేవా సంస్థ ఉండనే ఉంది.

ప్లీడరు నచ్చకపోతే మార్చుకోవచ్చు. మర్యాదగా పాత ప్లీడరు దగ్గర నో అబ్జెక్షన్ తీసుకుంటే గొడవ ఉండదు. ఫీజు బాకీ ఉందని కట్ట ఇవ్వననడానికి ఆయనకు హక్కు లేదు, సుప్రీంకోర్టు ఈ మాట 2000లోనే తేల్చింది. బాకీ వేరే వసూలు చేసుకోవచ్చు, కాగితాలు మాత్రం మీవి. అయినా కాగితాలు ఆయన దగ్గరే ఉండనివ్వడం ఎందుకు? ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, వాంగ్మూలాల నకళ్ళు ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి. వచ్చిన రోజే ఒక జిరాక్సు సెట్టు ఇంట్లో పెట్టుకోండి.

ఆ పాస్‌పోర్టు సంగతి

ఆ లంక కుర్రవాడి కేసు ఛార్జిషీటు దాకా వచ్చింది. మేనమామ మళ్ళీ వచ్చాడు. “ఒప్పేసుకుంటే జరిమానాతో పోతుందట కదండీ, ఎందుకీ వాయిదాలు?” ఇలాంటి చిన్న కేసుల్లో అందరూ ఇచ్చే సలహా అదే. మా ప్లీడరు గారు దానికి జవాబు చెప్పకుండా కుర్రవాణ్ణి అడిగారు, “పైన ఏం చేద్దామనుకుంటున్నావు నాయనా?” అని. కువైట్‌లో డ్రైవరు పని, వీసా వస్తోంది, పాస్‌పోర్టు గడువు ఆ వేసవితో అయిపోతోంది.

ఒప్పుకుంటే జరిమానాతో పోయే మాట నిజమే. అయితే అది శిక్ష పడినట్టే లెక్క, రేపు ఏ ఉద్యోగపు దరఖాస్తులో అడిగినా రాయాలి. పోరాడితే కేసు నడుస్తున్నంతకాలం పాస్‌పోర్టుకు కోర్టు అనుమతి కావాలి. 1993 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఆ అనుమతి తెచ్చుకుంటే పాస్‌పోర్టు ఇస్తారు, కోర్టు గడువు ఏమీ చెప్పకపోతే ఏడాదికి. డెల్టాలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న ఊళ్ళున్నాయి. అయినా ఈ పిటిషను గురించి ముద్దాయిని ముందుగా అడిగే ప్లీడర్లు తక్కువ.

మూడో దారి ఉంది. 115(2), 126(2) రెండూ దెబ్బ తిన్నవాడు, అడ్డగింపుకు గురైనవాడు రాజీ పడదగినవి. రాజీ రికార్డయితే దానికి నిర్దోషిగా విడుదలైనంత విలువ. అవతలి కుర్రవాడిదీ గోదావరి ఇవతలి ఊరే, వాళ్ళ నాన్నకూ ఈవిడకూ పాత పరిచయం. లోక్ అదాలత్ రోజున ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని సంతకాలు చేశారు. ఆ కాగితం నకలును ఆవిడ అదే పాలిథిన్ సంచీలో, పాస్‌పోర్టు పక్కన పెట్టుకుంది. చేతికి గాజులున్నాయి.